ఆక్సిటోసిన్: పురిటి గదిలో పని, బయట పేరు
(స్మారకోపన్యాస పాఠం)

పాడి ఉన్న ఇంట్లో పెరిగినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొదుగు నిండుగా ఉన్నా గేదె ఊరికే పాలివ్వదు. ముందు దూడను వదలాలి. అది నాలుగు కుమ్ములు కుమ్మి చన్ను నోట పెట్టుకున్నాకే గేదె చేపుతుంది. చేపాక దూడను పక్కకు లాగి కట్టేసి, చెంబు పట్టుకుని కూర్చుంటారు. కొత్త మనిషి కూర్చున్నా, పక్కన కుక్క గట్టిగా మొరిగినా ఎగచేపుతుంది. దూడ చచ్చిపోతే మరీ కష్టం. అలాంటప్పుడు కొన్ని చోట్ల దూడ చర్మంలో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టేవారు. పొదుగులో పాలున్నాయి, పిండే చేతులున్నాయి, అయినా పాలు రావు. తల్లి కళ్లకూ ముక్కుకూ చెవులకూ తెలిసిన ఏదో ఒకటి పొదుగు దాకా చేరాలి.

ఆ కబురు మోసే పదార్థమే ఆక్సిటోసిన్. గత ఇరవై ఏళ్లలో పత్రికలు దీనికి ‘ప్రేమ హార్మోన్’ అని పేరు పెట్టాయి. కౌగిలింతకూ నమ్మకానికీ దాంపత్యానికీ ఇదే మూలమన్నట్టు రాశాయి. ప్రసూతి వైద్యానికే జీవితమంతా ఇచ్చిన ఒక డాక్టరమ్మగారి స్మృతిలో జరిగే ఈ ఉపన్యాసానికి ఈ హార్మోన్‌ను విషయంగా ఎంచుకోవడానికి కారణం ఆ ప్రచారమే. కాన్పు గదిలో ఇది రోజూ చేసే పని గురించి జనానికి తెలిసింది కొంచెం. అది చేస్తుందని రూఢిగా తేలని పనుల గురించి విన్నది కొండంత. ఈ వ్యత్యాసం వల్ల నష్టపోతున్నది తల్లులు.

పాలు చేపడంలోని గుట్టును 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే ఇద్దరు పశుశాస్త్రజ్ఞులు బయటపెట్టారు. ఒక ఆవు పొదుగులో సగానికి వెళ్లే నరాలను తెంచి చూశారు. నరాలున్న సగమూ, లేని సగమూ రెండూ చేపాయి. అంటే పొదుగుకు ఆజ్ఞ నరాల మీదుగా రావడం లేదు, నెత్తురులో కలిసి వస్తోంది. తర్వాత ఆవును బెదరగొట్టారు. వీపు మీద పిల్లిని ఎక్కించారు, కాగితం సంచులు ఊది పక్కనే టప్పున పగలగొట్టారు. ఆవు ఎగచేపింది. బెదురులో ఒంట్లో పుట్టే ఎడ్రినలిన్‌ను సూదితో ఎక్కించినా అదే జరిగింది.

ఏడేళ్ల తర్వాత, 1948లో, నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే దంపతులు ఇదే ప్రశ్నను మనిషి దగ్గరికి తెచ్చారు. ప్రయోగానికి కూర్చున్న తల్లి నైల్సే. బిడ్డకు పాలిస్తున్నప్పుడు ఆమె పాదాలను మంచు నీళ్లలో పెట్టించడం, లెక్కలు అడగడం, కాలి వేళ్లు లాగడం చేసి, బిడ్డ ఎంత తాగిందో తూచి చూశారు. చికాకు పెట్టిన రోజుల్లో పాలు బాగా తగ్గాయి. అదే చికాకు మధ్య ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ దాదాపు మామూలుకు వచ్చాయి. పాలు తయారు చేయించేది ప్రొలాక్టిన్ అనే వేరే హార్మోన్; తయారైన పాలను కిందికి తోసేది ఆక్సిటోసిన్. రొమ్ములోని పాల తిత్తుల చుట్టూ అల్లుకున్న చిన్న కండర కణాలను అది బిగిస్తుంది, పాలు నాళాల్లోకి దూకుతాయి. పాలు లేకపోవడం వేరు, ఉన్న పాలు దిగకపోవడం వేరు. ‘నీకు పాలు పడలేదు’ అని బాలింతను పదిమందిలో చిన్నబుచ్చే ఇళ్లలో ఈ తేడా తెలిసి ఉంటే ఎందరు తల్లులకు కన్నీళ్లు తప్పేవో. భయమూ నొప్పీ నిందా పాలను నిజంగానే ఆపుతాయి. ఎడబాటు లేకుండా బిడ్డ పక్కన ఉండటం, కాస్త నెమ్మది, నాలుగు మంచి మాటలు పాలను దింపుతాయి. ఇంకా చన్ను నోట పెట్టకముందే, బిడ్డ ఏడుపు వినగానే తల్లి నెత్తురులో ఆక్సిటోసిన్ పెరగడాన్ని 1983లో బ్రిటన్ పరిశోధకులు కొలిచి చూపారు.

దీని పుట్టిల్లు మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్. అక్కడి రెండు నాడీకణాల గుంపులు దీన్ని తయారుచేస్తాయి. ఆ కణాల పొడవాటి తంతువులు కిందికి దిగి పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో ముగుస్తాయి. హార్మోన్ అక్కడ నిల్వ ఉండి, కణం నుంచి విద్యుత్ ప్రేరణ రాగానే నెత్తురులోకి విడుదలవుతుంది. నరాల కణం గ్రంథి పని కూడా చేస్తుందని 1928లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ షారర్ చేప మెదడును చూసి చెబితే చాలామంది నమ్మలేదు. ఆయనా, భార్య బెర్తా షారర్ కలిసి ఏళ్ల తరబడి రుజువులు పోగుచేయాల్సి వచ్చింది.

విడుదలయ్యే తీరు మరీ విచిత్రం. 1973లో ఇంగ్లండ్‌లో వేకర్లీ, లింకన్ పాలిచ్చే ఎలుకల మెదడులో ఈ కణాల విద్యుత్తును నమోదు చేశారు. పిల్లలు చన్ను పట్టుకుని నిమిషాలకొద్దీ లాగుతున్నా ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఆ కణాలన్నీ ఒక్కమాటగా కొద్ది సెకన్లపాటు విజృంభిస్తాయి. మరికొన్ని సెకన్లకు పాలు దూకుతాయి. మళ్లీ నిమిషాలపాటు నిశ్శబ్దం. నెత్తురులో ఆక్సిటోసిన్ ఆయుష్షు కొద్ది నిమిషాలే కాబట్టి, ఈ హార్మోన్ ఎంత ఉందన్న లెక్కతో పాటు ఎప్పుడు, ఎంత ఉధృతిగా వచ్చిందన్న లెక్కా ముఖ్యమే. ఈ మాట తర్వాత పనికొస్తుంది.

పురిటి గదిలో దీని చరిత్ర ఇంకా పాతది. 1906లో లండన్‌లో హెన్రీ డేల్ ఎర్గాట్ అనే బూజు మందు మీద పరిశోధన చేస్తూ, పిట్యూటరీ వెనక భాగపు సారం గర్భంతో ఉన్న పిల్లి గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేయడం గమనించాడు. మూడేళ్లకే లివర్‌పూల్ వైద్యుడు విలియం బ్లెయిర్ బెల్ ఆ సారాన్ని కాన్పుల్లో వాడటం గురించి రాశాడు. 1928లో పార్క్ డేవిస్ కంపెనీలో ఆలివర్ కామ్ బృందం ఆ సారంలో రెండు హార్మోన్లున్నాయని వేరుచేసి చూపింది: గర్భసంచిని కదిలించే ఆక్సిటోసిన్, ఒంట్లో నీటిని నిలిపి రక్తపోటును పెంచే వాసోప్రెసిన్. న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో విన్సెంట్ డు విన్యో 1953లో ఆక్సిటోసిన్ నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో దాన్ని తయారుచేశాడు. తొమ్మిది అమైనో ఆమ్లాలు, వాటిలో ఆరు గంధకపు బంధంతో ఉంగరంలా చుట్టుకుని, మూడు తోకలా బయటికి. ఒక పెప్టైడ్ హార్మోన్‌ను మనిషి కృత్రిమంగా తయారుచేయడం అదే మొదటిసారి. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఫలితం ఇవాళ ప్రతి ప్రభుత్వ ఆస్పత్రి కాన్పు గదిలోనూ గాజు ఆంప్యూల్‌లో ఉంటుంది. పశువుల పిట్యూటరీ గ్రంథులు పోగుచేసి సారం తీయాల్సిన అవసరం తప్పింది.

వాసోప్రెసిన్‌కూ దీనికీ తేడా రెండు అమైనో ఆమ్లాలే. అందుకే ఆక్సిటోసిన్‌ను అతిగా, ఎక్కువ సెలైన్‌తో కలిపి ఎక్కిస్తే ఒంట్లో నీరు నిలిచి, సోడియం పడిపోయి, ఫిట్స్ దాకా పోవచ్చు.

కాన్పులో జరిగేది చూద్దాం. నెలలు నిండని గర్భసంచి ఆక్సిటోసిన్‌కు పెద్దగా స్పందించదు. ప్రసవం దగ్గరపడే కొద్దీ దాని కండరంలో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. హార్మోన్ అదే, వినే చెవులు పెరిగాయి. బిడ్డ తల గర్భాశయ ముఖాన్ని ఒత్తితే ఆ కబురు మెదడుకు చేరి ఆక్సిటోసిన్ వస్తుంది, అది నొప్పిని పెంచుతుంది, నొప్పి బిడ్డను ఇంకా కిందికి నెడుతుంది. 1941లో ఫెర్గూసన్ వర్ణించిన ఈ చక్రం బిడ్డ బయటపడేదాకా ఆగదు. శరీరంలో చాలా వ్యవస్థలు పెరిగినదాన్ని తగ్గించేలా పనిచేస్తాయి. పెరిగినదాన్ని ఇంకా పెంచే ఏర్పాట్లు అరుదు. కాన్పు వాటిలో ఒకటి.

అసలు గండం బిడ్డ పుట్టాక ఉంది. నిండు గర్భిణి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా నెత్తురు పారుతుంది. మాయ ఊడిపోగానే అది అంటుకుని ఉన్న చోట రక్తనాళాల మూతులు తెరుచుకుని ఉంటాయి. వాటిని మూసేది నెత్తురు గడ్డకట్టే గుణం ఒక్కటే అయితే తల్లి బతకదు. గర్భసంచి కండరపు పోగులు ఆ నాళాల చుట్టూ అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటాయి. కండరం బిగిస్తే ప్రతి నాళానికీ తాడు బిగించినట్టవుతుంది. బిగించకపోతే పది పదిహేను నిమిషాల్లో పరిస్థితి చేయి దాటిపోవచ్చు. ఆ బిగింపును తెచ్చేది ఆక్సిటోసిన్. పుట్టిన గంటలోపు బిడ్డను రొమ్ముకు పెట్టమని నర్సులు చెప్పడంలో బిడ్డకు ముర్రుపాలు అందాలన్న ఆలోచనతో పాటు ఈ లాభమూ ఉంది. బిడ్డ చప్పరింపుకు తల్లి ఒంట్లోనే ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచిని ముడుస్తుంది. మొదటి రోజుల్లో పాలిచ్చేటప్పుడు బాలింతలకు పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి రావడం ఇందుకే. మన దేశంలో మాత్రం పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌తో జరిగాయి. ఆపరేషన్‌లో నెత్తురు ఎక్కువ పోతుంది, తొలి పాలు ఆలస్యమవుతాయి. రెండూ తల్లి మీదే పడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రతి కాన్పులోనూ బిడ్డ పుట్టగానే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలంటుంది. తూకంలో అది సుమారు 17 మైక్రోగ్రాములు, కంటికి ఆనని పరిమాణం. అదే సూదిని బిడ్డ పుట్టకముందు, కొలత లేకుండా, ‘నొప్పులు రావాలి’ అని కండలోకి పొడిస్తే ఫలితం తారుమారవుతుంది. గర్భసంచి విరామం లేకుండా బిగుసుకుంటుంది, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, ఒక్కోసారి గర్భసంచే చిరుగుతుంది. కాన్పు ముందు ఇవ్వాలంటే సెలైన్‌లో చుక్కలు లెక్కపెడుతూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇవ్వాల్సిందే.

ఇక మెదడు సంగతి. ఆక్సిటోసిన్ నెత్తురులోకే కాకుండా మెదడు లోపల కూడా విడుదలవుతుంది. నెత్తురులో తిరిగే ఆక్సిటోసిన్ మెదడులోకి చొరబడటం మాత్రం చాలా తక్కువ. కాబట్టి ఈ రెండింటినీ రెండు వేరు వ్యవహారాలుగా చూడాలి. 1979లో అమెరికాలో పెడర్సన్, ప్రాంజ్ ఎప్పుడూ ఈనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కించారు. అంతకుముందు పిల్లల్ని పట్టించుకోని ఆ ఎలుకలు వాటిని నోట కరుచుకుని గూటికి చేర్చడం, నాకడం మొదలుపెట్టాయి. అయితే అది ఈస్ట్రోజన్ ముందే అందిన ఎలుకల్లోనే జరిగింది. ఇంగ్లండ్‌లో కీత్ కెండ్రిక్, బ్యారీ కెవెర్న్ గొర్రెల్లో ఇలాంటిదే చూశారు. గొర్రె ఈనిన రెండు మూడు గంటల్లో తన పిల్లను వాసనతో గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత ఇంకో పిల్ల వస్తే కుమ్మి తరిమేస్తుంది. మందలు కాసే మన గొల్లవారికి ఇది కొత్త కాదు. తల్లి లేని పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేయడం ఎంత కష్టమో వారికి తెలుసు. ఆ గుర్తు పడే వేళ గొర్రె మెదడులో ఆక్సిటోసిన్ పొంగుతుంది.

2015లో న్యూయార్క్‌లో రాబర్ట్ ఫ్రోమ్‌కీ బృందం చేసిన పని ఈ రంగంలో అన్నిటికంటే అందమైనది. తప్పిపోయిన చిట్టెలుక పిల్ల మనిషి చెవికి అందని కీచుగొంతుతో అరుస్తుంది. తల్లి వెంటనే పరుగెత్తి తెచ్చుకుంటుంది. పిల్లలు కనని ఆడ ఎలుక కదలదు. దానికి ఆక్సిటోసిన్ ఇస్తే త్వరలోనే తల్లిలా స్పందించడం నేర్చుకుంది. ఎడమ వైపు శ్రవణ ప్రాంతంలోని నాడీకణాలు ఆ అరుపుకు స్పందించే తీరే మారింది. ఇక్కడ ఆక్సిటోసిన్ చేసింది మమకారాన్ని పోయడం అనేకంటే, ముందు వినబడుతున్నా పట్టని శబ్దానికి విలువ తేవడం అనడం సరైనది.

‘ప్రేమ హార్మోన్’ పేరుకు ఎక్కువ దోహదం చేసినది అమెరికా గడ్డినేలల్లోని ప్రెయిరీ వోల్ అనే చిన్న జీవి. ఇలినాయ్‌లో లోవెల్ గెట్జ్ బోనులు పెట్టి ఈ ఎలుకజాతి జీవులను పట్టేవాడు. అదే జంట మళ్లీ మళ్లీ కలిసి దొరుకుతుండటంతో అవి జంట కట్టి బతుకుతాయని తేలింది. స్యూ కార్టర్, టామ్ ఇన్సెల్, ల్యారీ యంగ్ వంటివారు వాటి మెదడులో ఆక్సిటోసిన్ గ్రాహకాలు ఎక్కడ ఎక్కువున్నాయో, వాటిని మందుతో అడ్డుకుంటే జంట ఎలా కుదరదో చూపారు. పాఠ్యపుస్తకాలకు ఎక్కిన కథ ఇది. 2023లో కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జన్యువులను మార్చి ఆక్సిటోసిన్ గ్రాహకమే లేని వోల్‌లను పుట్టించారు. అవీ జంట కట్టాయి. ఆడవి ఈనాయి, పాలు తగ్గినా కొన్ని పిల్లలు బతికి పెద్దయ్యాయి. పాత ప్రయోగాలు తప్పని దీని అర్థం కాదు. పుట్టుక నుంచే ఒక దారి మూసి ఉంటే ఎదిగే మెదడు ఇంకో దారి వెతుక్కుంటుందేమో. కానీ ఒకే అణువు మీద అంత పెద్ద అనుబంధాన్ని నిలబెట్టడం తొందరపాటని స్పష్టమైంది.

మనుషుల విషయంలో తొందరపాటు ఇంకా ఎక్కువ. 2005లో జ్యూరిక్‌లో మైకేల్ కోస్‌ఫెల్డ్ తదితరులు ముక్కులో ఆక్సిటోసిన్ కొట్టుకున్నవారు డబ్బు ఆటలో అపరిచితుల్ని ఎక్కువ నమ్మారని ‘నేచర్’లో రాశారు. అక్కడి నుంచి వందల ప్రయోగాలు, స్ప్రేలు అమ్మే వ్యాపారాలు. 2010లో డచ్ పరిశోధకుడు కార్స్టెన్ డె డ్రూ అదే స్ప్రే సొంత గుంపు వారి మీదే ఉదారతను పెంచిందని చూపాడు. 2020లో ఎక్కువమందితో, కట్టుదిట్టంగా మళ్లీ చేస్తే నమ్మకం మీద ఆ మొదటి ఫలితం నిలబడలేదు. ఎలుకల పిట్యూటరీలో కొద్ది సెకన్ల ఉధృతిగా వచ్చే హార్మోన్‌ను ముక్కులో చల్లి, అది మెదడులో ఏ చోటికి ఎంత చేరిందో తెలియకుండానే మనిషి నడవడికను వివరించబోవడం శాస్త్రానికి తగని పని.

ఈ తొందరపాటు భారం మోసింది ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు. మాట కోసం, చూపు కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు పెద్ద ఆశ పెట్టుకున్నారు. 2021లో అమెరికాలో 3 నుంచి 17 ఏళ్ల వయసున్న 290 మంది పిల్లలతో, 24 వారాలపాటు జరిగిన ప్రయోగంలో ఆక్సిటోసిన్ స్ప్రేకూ ఉత్తి స్ప్రేకూ సామాజిక నడవడికలో తేడా కనిపించలేదు. ఆ ఫలితాన్ని దాచకుండా ప్రచురించిన పరిశోధకులు ఆ కుటుంబాలకు మేలే చేశారు.

ఈ కీర్తికి ఎదురుగా మన దేశంలో దీని అపకీర్తి ఉంది. పాడిగేదెలకు ఆక్సిటోసిన్ సూదులు వేసి పిండుతున్నారన్నది నిజమే. దూడ లేని గేదెను చేపించడానికి అది అడ్డదారి. రోజూ పొడిచే సూది ఆ జీవికి హింసే. ఆ పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారన్న భయం మాత్రం వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ దీన్ని పరీక్షించింది. సూది వేసినందువల్ల పాలలో ఆక్సిటోసిన్ పెరగలేదు. పెప్టైడ్ కాబట్టి మనిషి పేగుల్లో అది ముక్కలైపోతుంది. సొరకాయలకు ఈ సూది పొడిస్తే పెరుగుతాయన్న ప్రచారానికి కూడా ఆధారం లేదు.

2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పశువుల మీద దీని దుర్వినియోగాన్ని ఆపడానికి, దేశీయ అవసరాలకు ప్రైవేటు కంపెనీలు ఆక్సిటోసిన్ తయారుచేయకూడదని ఆదేశించింది. బెంగళూరులోని ప్రభుత్వ రంగ సంస్థ కర్ణాటక యాంటీబయాటిక్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ ఒక్కటే తయారుచేయాలి. ఏటా రెండు కోట్లకు పైగా కాన్పులు జరిగే దేశంలో ప్రాణం నిలిపే మందుకు ఒక్క ఫ్యాక్టరీ! ప్రసూతి వైద్యులు, మందులు అందరికీ అందాలని పనిచేసే కార్యకర్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. తల్లులకు మందు అందకపోతే ఏమవుతుందన్నది ప్రభుత్వం సరిగా ఆలోచించలేదన్నది తీర్పు సారం. గేదె గురించిన ఆందోళన న్యాయమైనదే. దానికి మందు బాలింత చేతి నుంచి సీసా లాక్కోవడం కాకూడదు.

ఎందుకంటే లెక్కలు చూడండి. 2004–06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 నాటికి తెలంగాణలో అది 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఆస్పత్రి కాన్పులు, 108 అంబులెన్సులు, రక్తనిధులు, ఆశా కార్యకర్తల తిరుగుడు, అన్నీ కలిసి తెచ్చిన మార్పు అది. మిగిలిన మరణాల్లో కాన్పు తర్వాతి రక్తస్రావం ఇప్పటికీ పెద్ద వాటా తీసుకుంటోంది. రక్తహీనత ఉన్న తల్లికి మామూలుగా తట్టుకోగల నష్టమే ప్రాణాంతకమవుతుంది.

ఆక్సిటోసిన్‌కు ఒక బలహీనత ఉంది. వేడికి పాడవుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిల్వ చేయాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కరెంటు పోయిన మందుల గదిలో, బల్ల మీద మరిచిన పెట్టెలో ఆంప్యూల్ చూడటానికి ఎప్పటిలాగే తేటగా ఉంటుంది. లోపల బలం తగ్గిపోతుంది. నర్సమ్మ సూది సరైన సమయానికే వేస్తుంది, గర్భసంచి బిగుసుకోదు, తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. టీకాల ఫ్రిజ్‌కు ఉన్న పట్టింపు, రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత రాసే క్రమశిక్షణ ఆక్సిటోసిన్‌కూ ఉండాలి. వేడిని తట్టుకునే కార్బెటోసిన్ అనే దగ్గరి బంధువును భారత్‌తో సహా 10 దేశాల్లో దాదాపు 30,000 మంది తల్లుల మీద పరీక్షించారు. 500 మిల్లీలీటర్లకు మించి నెత్తురు పోవడాన్ని అది ఆక్సిటోసిన్ అంత బాగానూ ఆపిందని 2018లో తేలింది. ఫ్రిజ్ లేని, ఆక్సిటోసిన్ చేరని చోట్లకు మిసోప్రొస్టాల్ మాత్ర ఉంది. కర్ణాటకలోని బెళగావి జిల్లాలో పల్లె కాన్పులు చేసే ఏఎన్ఎంలు ఆ మాత్ర ఇచ్చినప్పుడు రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గిందని 2006లో ‘లాన్సెట్’ ప్రచురించింది.

ఆ బెళగావి ప్రయోగం కోసమే ఒక చవకైన సాధనం తయారైంది. తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ గుడ్డకు కొలతల గీతలున్న సంచి. అప్పటిదాకా నెత్తురు ఎంత పోయిందో కళ్లతో చూసి అంచనా వేసేవారు. సంచితో కొలిస్తే ఆ అంచనా అసలు కంటే మూడో వంతు తక్కువగా ఉంటోందని బయటపడింది. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో, రెండు లక్షల మందికి పైగా తల్లులతో జరిగిన ప్రయోగం ఈ రకం సంచితోనే మొదలవుతుంది. గీత దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, చిరుగులేమైనా ఉన్నాయేమో పరీక్ష: ఒకదాని కోసం ఒకటి ఆగకుండా అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దాని కోసం ఆపరేషన్, దానివల్ల మరణం ఈ మూడూ కలిపిన లెక్క 60 శాతం తగ్గింది. ఆ వరసలో కొత్త మందు ఒక్కటీ లేదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సంచి కూడా పెద్ద ఖర్చు కాదు. చల్లగా నిల్వ ఉన్న ఆంప్యూల్, పక్కనే నిలబడి గీత చూసే నర్సమ్మ ఉంటే ఇవాళే మొదలుపెట్టవచ్చు.